ఎడమచేతి ముడి

హొసకోట దాటాక చిక్కతాయమ్మ కోళ్ళషెడ్డు మీద,
టార్పాలిన్ కింద,
బోర్లా పడుకుని ఉంది కుడిరెక్క.
"ఇన్నేళ్ళూ ఒక్క చుక్క కారలేదు సామీ"
అంది ఆమె, అల్లుడి గుణం చెప్పినట్టు.
బదులుగా ఆరు జింకురేకులు అడిగింది.
ఎనిమిది ఇచ్చాం.

ఒళ్ళు ముందే దొరికింది, పీణ్యా గుజరీ కొట్లో,
తూకానికి గంట ఉందనగా.
ఎడమరెక్క ఒక కాలేజీ మిద్దె మీద.
పుష్పకం అని పేరు దీనికి.
పురాణంలో దానికి ఎందరెక్కినా ఇంకొకరికి చోటు.
దీంట్లో ఇద్దరు.
రెండోవాడు సన్నగా ఉండాలి.

నేను బట్టపనివాణ్ణి.
బెంగుళూరు కబ్బన్‌పేటలో, తొగటవాళ్ళ ఇంట్లో పుట్టాను.
మా నాన్న పడుగుకు గంజి పెట్టి వీధి పొడవునా సాచేవాడు.
నేను ముప్పై రెండేళ్ళు విమానాలకు గంజి పెట్టాను.
డోపు అంటారు దాన్ని. మాగిన అరటిపండు వాసన.
పూసేకొద్దీ బట్ట బిగుస్తుంది,
వేలితో కొడితే డప్పులా పలకాలి,
పలక్కపోతే మళ్ళీ పూయాలి.
మా ఆవిడ ముక్కు మూసుకుని అన్నం వడ్డించేది.

జక్కూరు హ్యాంగరులో రెక్కను స్టాండుకి నిలబెట్టి
పాతబట్ట చింపాను.
లోపల కోడి ఈకలు, గుప్పెళ్ళకొద్దీ.
"చివరికి దీనికి నిజంగానే ఈకలు మొలిచాయి అంకల్"
అని నవ్వింది దేచమ్మ. కొడగు పిల్ల, ఇంజనీరు.
తనకు తెలుగు రాదు, నాకు కొడవ రాదు,
కన్నడంలో కలుసుకుంటాం.

ఏడో పక్కటెముక దగ్గర కత్తెర ఆగింది.
ముడి తిరగబడి ఉంది.
మేమందరం కుడినుంచి తిప్పుతాం,
ఇది ఎడమనుంచి.
సుందరక్క.

రెక్క కుట్టాలంటే ఇద్దరు కావాలి,
ఇటొకరు, అటొకరు.
జానెడు సూది ఇటునుంచి పోతుంది, అటునుంచి వస్తుంది.
మధ్యలో బట్ట. ముఖాలు కనబడవు.
పంతొమ్మిదో ఏట, రోజుకు ఏడు గంటలు
ఒక మనిషి ఎదురుగా అలా నిలబడ్డాను.
గాజులు తీసి రేకుడబ్బాలో వేసే చప్పుడు తెలిసేది.
నా సూది వంకరపోతే
మాట లేకుండా వెనక్కి తోసేసేది.
మైనం పూసిన దారం
ఆమె వైపునుంచి వచ్చేటప్పుడు వెచ్చగా ఉండేది.
ఇంతకంటే చెప్పను.
ఒక సోమవారం ఆమె రాలేదు. కోలారన్నారు,
కాదు తిరుపత్తూరన్నారు.

"ఇదొక్కటీ ఉంచేద్దామా?" అంది దేచమ్మ.
కుళ్ళిన దారం. గోటితో లాగితే తెగింది.
పాతదాన్ని కాపాడటమంటే చాలావరకు
కొలిచి, ఫోటో తీసి, నంబరు రాసి,
పారేయడమే.
అన్నీ మార్చాక ఇందులో పాతది ఏదని
ఒక పత్రిక కుర్రాడు అడిగాడు.
ఇత్తడి నంబరు పలకను చూపించాం,
దాని నాలుగు రివెట్లనీ. రివెట్లు కొత్తవి.

ఇప్పుడు అటువైపు దేచమ్మ.
ముడివేసే వైపు నేను.
రెండున్నర అంగుళాలకో ముడి,
ప్రొపెల్లరు గాలి కొట్టేచోట ఇంకా దగ్గర దగ్గరగా.
ఏడో పక్కటెముక రాగానే దారం ఎడమచేతికి మార్చాను.
జారింది. మళ్ళీ జారింది.
డెబ్భై ఒకటో ఏట చెయ్యి కొత్తగా అక్షరాలు దిద్దుతోంది.
"సూది రాలేదేం అంకల్?"
"వస్తోంది, ఆగమ్మా."

తనిఖీ ఆయన స్టీలు స్కేలు పెట్టి కొలిచాడు,
బొటనవేలితో నొక్కాడు, టిక్కు కొట్టాడు.
ఏ చేత్తో అని ఆయన కాగితంలో గడి లేదు.

ఇంజను ఇంకా రాలేదు.
క్రాంకుషాఫ్టు కోయంబత్తూరులో ఉందంటారు.
అందాకా రెక్కలకు దుప్పటి కప్పి ఉంచాం.
నిన్న చిక్కతాయమ్మ ఫోను చేసింది:
కొత్త రేకులు కారుతున్నాయట.